మీరా గారి వాచీ ఎందుకు ఆగింది

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. నవ్వకండి, శాలువా కూడా కప్పారు. బందరు బస్టాండు దగ్గర మా వాచీల షాపు మూసేసిన రోజున యజమాని వెంకటరత్నం గారు నలుగురిని పిలిచి, పదకొండేళ్లు వాచీల మధ్య కూర్చుని ఒక్కరోజు కూడా టైముకి రాని ఘనత మా శామ్యూలుదేనని సన్మాన ప్రసంగం చేశారు. గోడ గడియారం బహూకరించారు. ఇంటికెళ్లి చూస్తే అందులో బ్యాటరీ లేదు. ఆయన ఆశీర్వాదాలన్నీ ఇలాగే ఉంటాయి, సగం మనం వేసుకోవాలి.

ఇప్పుడు మా సొంతూరు కోడూరులో రొయ్యల ల్యాబులో పని చేస్తున్నాను. అప్పుడు కంటికి ఐగ్లాసు బిగించుకుని వాచీలు చూసేవాణ్ణి, ఇప్పుడు మైక్రోస్కోపులో రొయ్యపిల్లల్ని చూస్తున్నాను. రొయ్యపిల్లకి వారంటీ ఉండదు, అంతే తేడా.

ఇది రాయడానికి కారణం జ్యోతి. వెంకటరత్నం గారి గుడివాడ షాపు ఇంకా నడుస్తోంది. అక్కడ సర్వీసు కౌంటర్లో ఈమధ్యే చేరిన నందివాడ అమ్మాయి. ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి అన్నయ్యా అని ఫోన్ చేసింది. కుర్చీలోకి మంచి దిండు తెచ్చుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఆ పిల్ల నిజంగానే అడిగింది. నిజంగా అడిగిన ప్రశ్నకి జోకు చెప్పే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ జబ్బు వల్ల ఒకసారి ఒక పెద్దమనిషి నలభై ఏళ్లుగా చేస్తున్న పని మానేశాడు. ఆ సంగతి రాస్తాను. దిండు సంగతి కూడా నిజమే.

కౌంటరు అంటే

మామూలు వాచీలైతే మనమే విప్పుతాం. బ్యాటరీ, గాజు, పట్టీ. ఖరీదైన విదేశీ వాచీలు వేరు. వాటిని మనం విప్పకూడదు, విప్పితే వారంటీ పోతుంది. బైట నుంచి చూడాలి, తెచ్చినవాళ్లు చెప్పేది వినాలి, జాబ్ కార్డు మీద రాయాలి, పెట్టెలో పెట్టి బెంగళూరు సర్వీసు సెంటరుకి పంపాలి. చూడటం, వినటం, రాయటం. ఇందులో మాట్లాడటం లేదు. నేను గమనించడానికి చాలా ఏళ్లు పట్టింది.

వచ్చినవాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "నేనేం చెయ్యలేదండి." అది అబద్ధం అనుకోకు జ్యోతీ. ఒకసారి దివిసీమ నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడు. వాచీ గాజు లోపల ఆవిరి. నీళ్లలో తడిసిందా అంటే లేదన్నాడు. వానలోనా అంటే లేదన్నాడు. పావుగంట తర్వాత మాటల్లో తెలిసింది, పొద్దున్నే ఆ చేత్తోనే చెరువులో మేత ట్రేలు పైకి లాగి చూస్తాడట, రోజూ. మరి నీళ్లలో పెట్టలేదన్నారు కదండీ అంటే నా వైపు జాలిగా చూశాడు. "చెరువు నీళ్లేంటండీ, అది పని కదా." ఆయన చెప్పింది నిజం. నేనడిగిందే తప్పు. అప్పటి నుంచి తడిసిందా అని అడగడం మానేసి, రోజంతా ఏం చేస్తుంటారు అని అడిగేవాణ్ణి. చాలామంది సంతోషంగా చెప్పేవారు. ఆ ప్రశ్న వాళ్లని ఎవరూ అడగరు.

జాబ్ కార్డు విషయంలో వెంకటరత్నం గారిది ఒకటే సూత్రం. "చూసింది రాయి. అనుకున్నది ఇంటికెళ్లి మీ ఆవిడకి చెప్పుకో." నాకప్పటికి పెళ్లి కాలేదు. అందుకని అనుకున్నవన్నీ కడుపులోనే ఉండిపోయేవి. ఒకరోజు అందులో ఒకటి కార్డు మీదికి జారింది.

బంగారు రంగు

నాగుల్ మీరా గారు బందరులోనే, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే మనిషి. అరవై దాటాయి. సన్నగా, నున్నగా దువ్విన తల, వేళ్ల చివర్లు రసాయనాలకి రంగు మారి ఉండేవి. బందరు చుట్టుపక్కల పెళ్లిళ్లలో మెరిసే హారాల్లో ఎన్ని ఆయన చేతి మీదుగా వెళ్లాయో ఆయనకే తెలీదు. ఆయన కూతురు షాహీన్ గారు బందరు కోర్టులో లాయరు. ఆమె జడ్జి పరీక్ష పాసైంది. ఆ సంతోషంలో ఆయన విజయవాడ వెళ్లి ఒక స్విస్ వాచీ కొని కూతురికి పెట్టాడు. బ్యాటరీ లేకుండా చేతి కదలికకే నడిచే రకం, స్టీలు గొలుసు.

వాచీ కౌంటరు మీద పెట్టి ఆయన చెప్పింది ఇది. కూతురు కోర్టుకి వెళ్లాక మధ్యాహ్నం ఈయన రోజూ ఫోన్ చేసి, టైమెంతమ్మా అని అడుగుతాడు. తిన్నావా అని అడిగితే విసుక్కుంటుంది, టైమెంత అంటే విసుక్కోలేదు కదా, అదీ ఆయన తెలివి. ఆమె ఒంటిగంటా పది అనీ, ఒంటిగంటా పావు అనీ చెప్పేది. మూడు వారాలు చెప్పింది. ఒక ఆదివారం వాచీ బల్ల మీద ఉంటే ఈయన చూశాడు. ఆగిపోయి ఉంది. ఊపితే నడిచింది, మళ్లీ ఆగింది. అడిగితే చేతికి పెట్టుకున్న వారానికే మొదలైందని ఒప్పుకుంది. మూడు వారాలూ సెల్‌ఫోన్లో చూసి చెప్పిందన్నమాట.

"రేపు కుర్చీలో కూర్చుని జనం చేత ప్రమాణం చేయించే పిల్లండీ," అన్నాడాయన. "నాకు మాత్రం మూడు వారాలు అబద్ధం చెప్పింది." తిడుతున్నట్టే ఉంది గానీ ముఖం నిండా మురిపెం.

నేను వాచీ తీసుకుని ఐగ్లాసు పెట్టాను. గొలుసులో నడిమి గింజలు బంగారు రంగులో ఉన్నాయి. ఈ మోడల్‌లో అవి స్టీలే ఉండాలి. ఇదేంటండీ అన్నాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. తనే పూత వేశానన్నాడు. నలభై ఏళ్లు ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ మెరుపు పెట్టి, సొంత పిల్లకి కొన్నది ఉన్నదున్నట్టు ఎలా ఇవ్వనండీ అన్నాడు.

ఇక్కడ నేను నోరు మూసుకోవాలి. మూసుకోలేదు. "అయితే వాచీకి తలంటు పోశారన్నమాట," అన్నాను.

కౌంటరు దగ్గరున్న ఇద్దరు నవ్వారు. మీరా గారూ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి వాచీ వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు. దానివల్లేనంటారా అని అడిగాడు. ఏమో లెండి, వాళ్లు చూసి చెప్తారు అన్నాను, ఇంకా నవ్వుతూనే. జాబ్ కార్డు మీద రాశాను: "కస్టమరు గొలుసుకి బైట పూత వేశారు. ఆ సమయంలో లోపలికి తేమ వెళ్లి ఉండవచ్చు."

మొదటి వాక్యం చూసింది. రెండోది అనుకున్నది.

రెండు వారాలకి బెంగళూరు నుంచి జవాబు వచ్చింది. బైట మార్పులు చేసిన వాచీ కాబట్టి వారంటీ వర్తించదు, విప్పకుండానే తిప్పి పంపుతున్నాం అని. కారణం దగ్గర నా రెండో వాక్యాన్నే ఇంగ్లిష్‌లో శుభ్రంగా టైపు చేసి పెట్టారు. నా రాతకి జీవితంలో దొరికిన ఒకే ఒక్క అనువాదం అది. మీరా గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. అలాగే బాబూ అని పెట్టేశాడు. వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు.

లాయరు గారు

నాలుగు రోజుల తర్వాత షాహీన్ గారు వచ్చింది. నల్లకోటు చేతి మీద వేసుకుని, కోర్టు నుంచి నేరుగా. నన్ను తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర జవాబులు రెడీగా ఉంటాయి. ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఆ ఫోన్ తర్వాత వాళ్ల నాన్న పనికి కూర్చోలేదు. వచ్చిన హారాల ఆర్డరు పక్కింటాయనకి అప్పజెప్పాడు. అమ్మాయి మొదటి వాచీని నా చేత్తోనే చంపుకున్నాను, ఇంక వేరేవాళ్ల సామాను ఏ మొహంతో ముట్టుకోను అంటున్నాడట. ఇంట్లో పాత చెంబుల మకిలి తోముతూ కూర్చుంటున్నాడట.

"పై నెలలో నేను ట్రైనింగుకి వెళ్లిపోతాను శామ్యూల్ గారూ. ఆయన్ని ఇలా వదిలేసి వెళ్లలేను. వాచీ నడవకపోయినా ఫర్వాలేదు, నాకు సెల్ ఉంది. అది నిజంగా ఆయన వల్లే పోయిందా, కాదా? ఎవరైనా విప్పి చూశారా?"

లేదన్నాను.

"చూడకుండా ఎవరు రాశారు?"

మా కౌంటరు చాలా చిన్నది. దాక్కోడానికి చోటు లేదు. నేనే రాశానన్నాను. ఆ రోజు ఆమె జడ్జిగా పనికొస్తుందని నాకు అర్థమైంది. కోపం వచ్చినప్పుడు గొంతు ఇంకా తగ్గింది.

"అయితే మీరే సరిచేయండి," అని లేచి వెళ్లింది.

గోళ్ల రంగు

ఆ సాయంత్రం, బెంగళూరు నుంచి తిరిగొచ్చిన వాచీ పెట్టె పట్టుకుని చిలకలపూడి వెళ్లాను. మీరా గారు వసారాలో నిజంగానే చెంబు తోముతున్నాడు. అద్దంలా మెరుస్తోంది, పాపం ఇంకా తోముతున్నాడు. నన్ను చూసి లోపలికి కేకేసి టీ పెట్టమన్నాడు. నేను వాచీ గురించి ఎత్తకుండా, రోల్డుగోల్డు పూత అసలెలా వేస్తారండీ, నాకు తెలీదు అన్నాను. అది నిజమే. అప్పటికి ఆరేళ్లకు పైగా ఆ ఊళ్లో పని చేసి, ఆ ఊరి పనేంటో తెలీదు నాకు.

మొదట ముభావంగా చెప్పాడు. తర్వాత చెంబు పక్కన పెట్టాడు. స్టీలు మీద బంగారం ఊరికే పట్టదు, కింద ఇంకో పూత వెయ్యాలి అన్నాడు. అందుకే ముందు పాత స్టీలు గొలుసులు మూడు తెచ్చి వాటి మీద వేసి చూసుకున్నాడట. మరి నడిమి గింజలకే ఎలా పట్టించారండీ, పక్కవి స్టీలుగానే ఉన్నాయే అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చి చూపించాడు. కూతురి గోళ్ల రంగు. పక్క గింజలకి అది రాసి ఆరబెడితే వాటి మీద పూత ఎక్కదు, తర్వాత తుడిచేస్తే పోతుంది. వారం రోజులు సీసా కనిపించక వాళ్లమ్మాయి ఇల్లంతా వెతికిందట.

"మరి వాచీని ఆ పూత రసాయనాల తొట్టిలో ఎలా పట్టుకున్నారు?" అన్నాను, వీలైనంత మామూలుగా.

ఆయన నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. నా పనితనం మీద మొదటిసారి అనుమానం వచ్చిన చూపు.

"వాచీని తొట్టిలో పెడతానా బాబూ? గొలుసు ఊడదీశాను కదా." పిన్నులు రెండూ తీసి సీసా మూతలో వేశాడట. వాచీని మెత్తటి గుడ్డలో చుట్టి, ఆ గుడ్డని టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని లోపలి గదిలో బీరువాలో పెట్టాడట. ఆవిరి కూడా తగలకూడదని. "పాలు తాగే పిల్లనైనా అంత దూరం పెట్టరు," అన్నాడు.

ఆ టిఫిన్ డబ్బా, గుడ్డ, గోళ్ల రంగు అంటిన మూడు పాత గొలుసులూ చూశాను. ఈసారి చూసి నమ్మాను. వాచీలోకి తేమ వెళ్లే దారే లేదు. మరి మొన్న నేను తలంటు అన్నప్పుడు ఇదంతా ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

ఆయన చెంబు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు వాచీల మనిషివి. అద్దం పెట్టి చూసి అన్నావు. నాకు కనపడనిది నీకేదో కనపడి ఉంటుంది అనుకున్నాను."

జ్యోతీ, ఈ పేజీలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క మాట ఉంచుకో. కంటికి ఐగ్లాసు పెట్టుకున్నాక మనం ఏమన్నా జనం నమ్ముతారు. జోకుని కూడా నమ్ముతారు.

ఉత్తరం

మర్నాడు వెంకటరత్నం గారికి అంతా చెప్పాను. ఆయన గట్టిగా అరుస్తారని తలుపు దగ్గరే నిలబడ్డాను. పద్ధతిగా అరిచారు. తర్వాత కూర్చో, రాయి అన్నారు. నేను మర్యాదగా, కొంత పొరపాటు దొర్లి ఉండవచ్చు అని మొదలుపెట్టాను. ఆయన కాగితం లాక్కుని చింపారు. "దొర్లడమేంటోయ్, అదేమన్నా చెంబా? తప్పు రాశాను అని రాయి."

తప్పు రాశాను అని రాశాను. జాబ్ కార్డులో రెండో వాక్యం నేను చూడకుండా రాసినది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పూత వేసినప్పుడు వాచీ గొలుసుకి లేదు. దయచేసి విప్పి, లోపల ఏముందో చూసి, చూసింది రాయండి అని. టిఫిన్ డబ్బా ఫొటో కూడా జతచేశాను. అది స్విట్జర్లాండు దాకా వెళ్తే వాళ్లకి మన క్యారేజీ ఎలా ఉంటుందో తెలియడం మంచిదే. కింద వెంకటరత్నం గారు, మా మనిషి తప్పు మా షాపు తప్పు అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టారు. ఆయన్ని నేను చాలా విషయాల్లో ఆడిపోసుకున్నాను, ఇకముందూ ఆడిపోసుకుంటాను. యజమానులు చాలామంది మన తప్పులో మనల్ని ఒంటరిగా నిలబెడతారు. ఆయన పక్కన నిలబడి అరిచే రకం.

కొత్త జాబ్ కార్డులో చివర ఒక చిన్న గడి ఉంటుంది, పాత భాగాలు తిరిగి కావాలి అని. అంతకుముందు నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు టిక్కు పెట్టాను. ఎందుకో చెప్పలేను. చేత్తో పని చేసే మనిషికి కాగితం చాలదేమో అనిపించింది.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా షాహీన్ గారు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను ఒక్క జోకు కూడా వెయ్యలేదు. మీకు ఒంట్లో బాగుందా అని అడిగింది.

జవాబు నాలుగు లైన్లు. లోపల పూర్తిగా పొడిగా ఉంది. తేమ గానీ తుప్పు గానీ లేదు. తయారీలో ఒక స్క్రూ సరిగ్గా బిగించలేదు, అది ఊడి చక్రాల మధ్య పడి అప్పుడప్పుడు అడ్డుకుంటోంది. వారంటీ కింద బాగు చేస్తున్నాం. ఐదో లైను ఇంకోటి ఉంది: కస్టమరు కోరితే పూత వేసిన గొలుసు తీసేసి కొత్త గొలుసు ఉచితంగా ఇస్తాం.

ఉచితం అనగానే వెంకటరత్నం గారి కళ్లు మెరిశాయి. నేను షాహీన్ గారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. మొదటి నాలుగు లైన్ల తర్వాత అవతల ఆమె ముక్కు ఎగబీల్చింది. గొలుసు సంగతి చెప్తే మాత్రం వెంటనే జవాబు వచ్చింది.

"ఆ గొలుసు తీసేస్తే నాకా వాచీ ఎందుకండీ?"

స్క్రూ

వాచీ వచ్చిన రోజు తండ్రీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు. ఆమె మర్నాడు బయల్దేరాలి. మీరా గారు కౌంటరుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు, వాచీని ముట్టుకోడానికి భయం. నేను ఆ కాగితం తెలుగులో చదివాను. పొడిగా ఉంది అన్న చోట ఆయన ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. నాన్నకి అర్థమైంది లెండి అని షాహీన్ గారు అంది. ఇంకోసారి అన్నాడాయన.

మూడోసారి చదివాక, టిక్కు పెట్టినందుకు వచ్చిన చిన్న ప్లాస్టిక్ కవరు ఆయన ముందు పెట్టాను. అందులో ఆ స్క్రూ ఉంది. ఆవగింజలో సగం ఉండదు. ఆయన దాన్ని తీసి ఎడమచేతి బొటనవేలి గోరు మీద పెట్టుకున్నాడు. నేను నా ఐగ్లాసు ఇచ్చాను. వెలుతురులోకి తిరిగి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు. తిడతాడని నేను ఎదురుచూస్తున్నాను. తిట్టే హక్కు ఆయనకుంది. నా కోసం కూడా కొన్ని మిగులుతాయనుకున్నాను.

"పాపం," అన్నాడు. "ఇది బిగించినోడు ఆ క్షణంలో ఎవరితోనో మాట్లాడుతుండి ఉంటాడు."

స్క్రూ కవర్లో వేసి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. వాచీ తీసి కూతురి చేతికి తనే పెట్టి, కొక్కెం రెండుసార్లు లాగి చూశాడు. ఇంక వెళ్దాం పదమ్మా, హారాలు పక్కింట్లో ఉన్నాయి, తెచ్చుకోవాలి అన్నాడు. గడప దాటాక, టైమెంత అని అడిగాడు. ఆమె చెయ్యి పైకెత్తి చూసి చెప్పింది.

నేనేం మాట్లాడలేదు. పదకొండేళ్ల సర్వీసులో అదొక్కసారే.